అత్త కొట్టిన ఎర్రకాయ

అన్న జయరామప్ప మనవరాలి నామకరణానికి వర్తూరు నుంచి చామరాజపేటకు బయలుదేరేటప్పుడే, అక్కడ ఏం జరుగుతుందో గిరిధర్ మనసులో తేల్చేసుకున్నాడు. అందరూ జాలిగా చూస్తారు. తను లేచి వచ్చాక తన గురించే మాట్లాడుకుంటారు.

"కాసేపుండి వచ్చేద్దాం" అన్నాడు భార్య సౌమ్యతో. ఆమె సరేనంది.

డాక్టరు డిప్రెషన్ అని చెప్పి మందులు రాసి కొన్ని నెలలైంది. ఇప్పుడు నిద్ర పడుతోంది, ఆఫీసుకూ వెళ్తున్నాడు. మనుషుల్లోకి వెళ్లడమే ఇంకా కష్టం. ఎవరైనా ఫోన్ తీయకపోతే తనంటే విసుగొచ్చిందనుకుంటాడు. తీసి నవ్వుతూ మాట్లాడితే మొహమాటానికి అనుకుంటాడు.

చామరాజపేటలో అతను అనుకున్నట్టే అయింది. గుమ్మం దగ్గర పకపకా నవ్వుతున్నవాళ్లు అతన్ని చూడగానే గొంతు తగ్గించారు. వదిన చెన్నమ్మ అడక్కుండానే ఫ్యాను కిందికి కుర్చీ లాగింది. ఎప్పుడూ అతని పొట్ట మీద జోకులేసే అన్న కొడుకు హర్ష, "చిన్నాన్నా, నీళ్లు తెచ్చేదా?" అని ఆస్పత్రిలో అడిగినట్టు మెల్లగా అడిగాడు.

పాపకు అక్షర అని పేరు పెట్టారు. భోజనాలయ్యాక వరండాలో క్యారమ్ బోర్డు వేశారు. ఆ ఇంట్లో ఏ శుభకార్యమైనా చివరికి క్యారమ్ ఉండాలి, దాని మీద గొడవ ఉండాలి. ఒక్క కాయ కోసం అన్నదమ్ములిద్దరూ సాయంత్రం దాకా మాటలు మానేసిన రోజులున్నాయి. ఆ రోజు మాత్రం జయరామప్ప స్ట్రైకరును ఎటో కొట్టాడు. పాకెట్ అంచున ఉన్న కాయను కూడా వదిలేశాడు.

"బలే ఆడినావప్పా గిరీ" అన్నాడు ఓడిపోయి. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

గిరిధర్‌కు విషయం అర్థమైపోయింది. అన్న కావాలనే ఓడిపోయాడు. ఇక తనతో పోట్లాడటం కూడా దండగనుకున్నాడన్నమాట. వెళ్దామన్నట్టు సౌమ్య వైపు చూశాడు.

అప్పుడే మేనత్త సావిత్రమ్మ హెబ్బగోడి నుంచి దిగింది, దారిపొడుగునా ట్రాఫిక్‌ను తిట్టి తిట్టి అలసిపోయి. పాపను ముద్దాడి, ఇంకెవరినీ పలకరించకుండా నేరుగా బోర్డు ముందు కూర్చుంది.

"ఏమిరా గిరీ, మొగం ఉబ్బిపోయి ఉండాది. తినేది, పండుకునేదేనా పని? రా, ఆడుదాం."

అందరూ బిగుసుకుపోయారు. ఆపమన్నట్టు సౌమ్య కళ్లతో సైగ చేసింది.

"ఏమ్మా సౌమ్యా, కంట్లో నలుసు పడిందా?" అంది సావిత్రమ్మ.

సావిత్రమ్మ ఆటలో జాలి లేదు, నియమాలూ లేవు. మోచెయ్యి బోర్డు మీదికి తెచ్చింది, గీత దాటించి కొట్టింది. ఎర్రకాయను పాకెట్‌లో వేసింది గానీ, దాని వెంట వెయ్యాల్సిన రెండో కాయ తప్పిపోయింది. అలాంటప్పుడు ఎర్రకాయను మళ్లీ బోర్డు మీద పెట్టాలి. ఆమె దాన్ని తీసి కొంగున ముడేసుకుంది.

"అత్తా, రెండోది పడలేదు. ఎర్రకాయ బయట పెట్టు."

"పడింది."

"యాడ పడింది? ఇంతమంది చూస్తా ఉండారు."

"నీకు కండ్లు కనపడవు."

"బాగా కనపడతాయి. నా చిన్నప్పటి నుంచీ నీది దొంగాటే."

అతని గొంతు వీధి దాకా వినబడింది. ఎన్నాళ్ల తర్వాతో అంత గట్టిగా మాట్లాడాడు. సావిత్రమ్మ కొంగుముడిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని బిక్కచూపులు చూసింది. ఆ చూపుకి గిరిధర్‌కు నవ్వొచ్చింది. ఆపుకోలేక బోర్డు మీదికి వంగిపోయాడు. నుదుటి నిండా పౌడరు అంటుకుంది.

నవ్వు తగ్గాక అన్న వైపు తిరిగాడు. "నాతో ఏల ఓడిపోయినావు?"

జయరామప్ప సౌమ్య వైపు చూశాడు. సౌమ్య అంది, "నేనే ఫోన్ చేసి చెప్పినా, ఆయన్ని నొప్పించేది ఏమీ అనొద్దండి అని."

"ఏమంటే నీకు నొప్పో మాకేం తెలుసప్పా?" అన్నాడు జయరామప్ప. "ఫోన్ చేద్దామని నీ నంబరు తీసేది, భయమై పెట్టేసేది."

"నేనంటే విసుగొచ్చి చెయ్యలేదనుకున్నా."

"విసుగా? మరి ఎట్ల మాట్లాడాల నీతో?"

"ఎప్పటిలాగే. పోట్లాడు. నాకు పలికేదానికి చేతకాని రోజు పలకను. అట్లని నువ్వు రావద్దని కాదు."

సావిత్రమ్మ అందరి మొహాలూ చూసింది. "ఏమైంది వీడికి? నాకెవురూ చెప్పలేదే."

"డిప్రెషన్ అత్తా. మందులు తింటా ఉండా."

"తిను. మందులు తినేవాణ్ణి గెలిపించాలని ఎవురు చెప్పిరి?"

ఈసారి హర్ష అందరికంటే ముందు నవ్వాడు. తర్వాతి ఆటలో జయరామప్ప తమ్ముణ్ణి చిత్తుగా ఓడించి, వీధిలో పోయేవాళ్లకు కూడా ఆ సంగతి చెప్పాడు. చిన్నాన్నకు పొట్ట అడ్డమొచ్చి చెయ్యి సాగలేదని హర్ష తేల్చాడు. కాసేపుండి వద్దామన్న గిరిధర్, వీధి దీపాలు వెలిగినా లేవలేదు.

తర్వాతి శనివారం పొద్దున జయరామప్ప ఫోన్ చేశాడు. వర్తూరులోనే, కింద గేటు దగ్గర ఉన్నానన్నాడు. గిరిధర్ మనసు వెంటనే పాత దారి పట్టింది. ఈసారి ఆ అనుమానాన్ని లోపలే దాచుకోకుండా అడిగేశాడు.

"సౌమ్య రమ్మన్నదా?"

"ఎవురూ అనలేదప్పా. చెరువు దిక్కు నడుద్దామని ఊరికే వచ్చినా. దోమలు కరిస్తే కరవనీ. చెప్పులేసుకోని కిందికి రా."

గిరిధర్ లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లు దిగాడు.