పానా కోసం పార్టీ

నరసింహారావు తన కారుకు తనే ఇంజనాయిల్ మార్చుకోవలసి రావడానికి కారణం మెకానిక్కులు లేకపోవడం కాదు, ఉన్నవాళ్లకు పార్టీలు ఉండటం. గురజాలలో మంచి పనివాడు ఉన్నాడు గానీ అతను అవతలి పార్టీ. మాచర్లలో ఉన్నవాడు ఇవతలి పార్టీయే గానీ మరదలి పెళ్లికని షెడ్డు మూసేసి వెళ్లాడు. మూడోవాడు తనది ఏ పార్టీయో ఇంతవరకూ బయటపెట్టలేదు. అలాంటివాణ్ణి అసలే నమ్మకూడదని నరసింహారావు ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అక్కడ గేదెలు సైతం తమ పార్టీ వీధిలోంచే మేతకు వెళతాయి మరి.

ప్రయాణం అరుణాచలానికి. మర్నాడు పున్నమి. ఆ కొండ చుట్టూ మొగుడితో కలిసి నడవాలని నాగవేణికి ఎన్నాళ్ల నుంచో కోరిక. ఒకసారి కారెక్కి కూర్చున్నాక నామినేషన్ల గొడవ వచ్చిపడితే, నరసింహారావు ఆమెను దించేసి అటు పరుగెత్తాడు. ఇంకోసారి నాయకుడి పుట్టినరోజు అడ్డొచ్చింది. కేకు దగ్గర తను లేకపోతే ఫొటోలో ఖాళీ కనపడుతుందని ఆగిపోయాడు. కూతురు శ్రీదివ్య పెళ్లయి వెళ్లిపోయాక నాగవేణికి ఆ ఇంట్లో వచ్చేపోయే కార్యకర్తలకు టీలు కాయడం తప్ప వేరే బతుకు లేకుండా పోయింది.

ఈసారి ఆమె అరవలేదు, అలగలేదు. "ఇయ్యాల సాయంత్రం నేను బయల్దేరతన్నా. నువ్వొస్తే సంతోషం, రాకపోయినా పోతా" అని నెమ్మదిగా చెప్పి లోపలికి వెళ్లిపోయింది. ఆమె అరుపులకు అలవాటుపడ్డ మనిషికి ఆ నెమ్మదే గుండెల్లో గుబులు పుట్టించింది. ఈసారి తప్పితే ఆమె తనను మళ్లీ ఏదీ అడగదని నరసింహారావుకు తెలిసిపోయింది.

అందుకే పొద్దున్నే కారు కిందకు దూరాడు. ఆయిల్ తారులా నల్లబడింది, దాంతో అంత దూరం పోతే దారిలోనే ఇంజను పట్టేస్తుంది. ఫోన్లో చూసిన వీడియో హిందీలో ఉంది. ఆయనకు హిందీ రాదు. అయినా ఆయిల్ దించే బోల్టు విప్పడానికి భాషెందుకు అనుకున్నాడు. వీడియోలో కుర్రాడు బోల్టు విప్పేసినంతసేపూ ఈయన పొట్టను కారు కిందకు పట్టించడానికే సరిపోయింది. పైగా ఇంట్లో ఉన్న పానా బోల్టు కంటే కాస్త పెద్దది. కాస్తే కదా అని బలంకొద్దీ తిప్పాడు. బోల్టు కదల్లేదు గానీ మూలలన్నీ అరిగి గుండ్రంగా గోలీకాయలా తయారైంది.

ఇక దానికి బోల్టు తలను చుట్టూ పట్టే బాక్సు పానాయే గతి. ఊరు మొత్తానికి బాక్సు పానా ఉన్నది చెన్నకేశవరావు ఒక్కడి దగ్గరే. ఆయన అవతలి పార్టీకి పెద్ద. నరసింహారావుకు వరసకు బావ. పోయిన పంచాయతీ ఎన్నికల నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. నరసింహారావు తలకు తువ్వాలు చుట్టుకుని, వెనక సందులోంచి వాళ్ల దొడ్లోకి దిగాడు.

"రా బావా, రా రా! ఏంది, దారి తప్పావా?" అన్నాడు చెన్నకేశవరావు, ఎదురుచూస్తున్న చుట్టానికి చెప్పినట్టు.

"బాక్సు పానా కావాల. గంటలో ఇచ్చేత్తా."

"నీకంటేనా! కానీ మావోళ్లకేం చెప్పాల? అవతలోడి ఇంజను మన పానాతో బాగైందంటే నన్ను బతకనిత్తారా? అదే నువ్వు మనోడివైతే ఏ గొడవా లేదు."

"పానా కోసం పార్టీ మారమంటావా?"

"మారమని ఎవరన్నారు? చేరమంటన్నా."

నరసింహారావుకు కళ్లముందు నాగవేణి సర్దిపెట్టిన బ్యాగు కనపడింది. బోల్టు ఊడేదాకేలే అనుకుని మెడ వంచాడు. మెడలో కండువా, చేతిలో పానా పడ్డాయి, ఫొటో దిగింది. ఆయన ఇంటికి చేరేలోపే ఆ ఫొటో ఊళ్లో ఫోన్లన్నిటికీ చేరింది. గ్రామాభివృద్ధిని చూసి చేరాడని కింద రాశారు.

బాక్సు పానా బోల్టును గట్టిగానే పట్టింది. పట్టిందే తప్ప తిప్పలేదు. నరసింహారావు చెమటలు కక్కుతూ లాగుతుండగా కారు పక్కన తెల్ల చెప్పులు ఆగాయి. వెనకాల ఇంకా బోలెడు చెప్పులు. ఆ తెల్ల చెప్పులు మాజీ సర్పంచ్ పిచ్చయ్యవి. నిన్నటిదాకా నరసింహారావు పార్టీకి ఆయనే దిక్కు.

"ఒరేయ్ నరసింహం, బయటికి రా. ఫొటో చూశా."

"మావా, బోల్టు రావట్లేదు మావా..."

"బోల్టు కోసం పార్టీని వదిలేత్తావురా? పానా కావాలంటే మమ్మల్నడగొచ్చుగా!"

"మన దగ్గరుందా?"

"లేదు. అయినా అడగాలిగా!"

పిచ్చయ్య మనుషులు మాత్రం ఊరికే రాలేదు, బోరుబావి దగ్గర పడివున్న పొడవాటి ఇనప గొట్టం మోసుకొచ్చారు. దాన్ని పానా చివరకు తొడిగి లాగితే ఎంత మొండి బోల్టయినా కదులుతుంది. కానీ ముందు కండువా. పాతది తీసి, కొత్తది కప్పి, గొట్టం పట్టించి ఫొటో తీశారు. నరసింహారావు సొంతగూటికి చేరాడని ఫోన్లు మళ్లీ మోగాయి.

అప్పుడే నాగవేణి గుమ్మంలోకి వచ్చి, మొగుడి మెడవైపు చూసింది. "ఇందాక ఇది వేరే రంగుగా?"

"బోల్టు ఊడేదాకేలేవే."

"సాయంత్రం బస్సు ఉంది. నేను దాని టైముకి తయారవుతన్నా" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. నరసింహారావు గబగబా మళ్లీ కారు కిందకు దూరాడు.

గొట్టం తొడిగి సుత్తితో నాలుగు దెబ్బలు వేశారో లేదో, చెన్నకేశవరావు తన బలగంతో దిగాడు. పార్టీలో లేనివాడి దగ్గర పార్టీ పానా ఉండటానికి వీల్లేదన్నాడు. తీసుకుపొమ్మన్నారు. తీరా చూస్తే బోల్టుకు పానా బిగుసుకుపోయింది, పానాకు గొట్టం బిగుసుకుపోయింది. పానా వాళ్లది, గొట్టం వీళ్లది, కింద నలుగుతున్న ప్రాణం నరసింహారావుది. ఎవరూ తమ వస్తువును వదిలి పోలేరు. అరుగుమీద కూర్చుని చానాసేపు వాదించుకున్నాక, బోల్టు ఊడేంతవరకు పొత్తు పెట్టుకుందామని తేల్చారు.

పొత్తు కుదిరింది గానీ దిక్కు కుదరలేదు. గొట్టాన్ని ఇంటివైపు లాగాలని వీళ్లు, వీధివైపు లాగాలని వాళ్లు. ఒకళ్లు ఒప్పుకుంటే రెండోవాళ్లు నెగ్గినట్టవుతుంది. దాంతో ఇరుపక్షాలూ ఎవరి దిక్కుకు వాళ్లు ఒకేసారి లాగడం మొదలెట్టారు. కారు ఉయ్యాలలా ఊగింది. కింద ఉన్న నరసింహారావు తెలిసిన దేవుళ్లందర్నీ పిలిచాడు. ఏ వైపు లాగినప్పుడు వచ్చిందో ఈనాటికీ ఆ ఊళ్లో తేలలేదు గానీ, మొత్తానికి బోల్టు ఊడొచ్చింది. కింద బేసిన్ పెట్టాలన్న మాట అందరూ మరిచిపోయారు. ఆ ఘనత ఎవరిదో చూద్దామని ఒకేసారి వంగిన పెద్దమనుషులిద్దరి తెల్లచొక్కాలూ, పడుకునివున్న నరసింహారావు మొహమూ నల్లగా తడిసిపోయాయి.

బోల్టు ఊడిన కుదుపుకు పానా, గొట్టం కూడా వదులయ్యాయి. అదే బోల్టును మళ్లీ బిగించారు. కొత్త ఆయిల్ డబ్బాను పెద్దలిద్దరూ తలో చేయీ వేసి పోశారు. దానికీ ఫొటో తీశారు. తాళం తిప్పగానే ఇంజను స్టార్టయింది, ఊరంతా ఈలలు వేసింది. నరసింహారావు సంతోషం పట్టలేక, ఇంజను అలా నడుస్తుండగానే నాగవేణిని పిలవడానికి లోపలికి పరుగెత్తాడు. ఆమె కొత్త చీర కట్టుకుని, బ్యాగు పట్టుకుని సిద్ధంగా ఉంది.

ఇద్దరూ బయటికి వచ్చేసరికి కారు నిండిపోయింది. ముందు సీట్లో పిచ్చయ్య. వెనక చెన్నకేశవరావు, చెరో పక్క చెరో పార్టీ మనిషి.

"దార్లో బోల్టు ఊడితే ఎట్టారా? గొట్టం మాదేగా, తోడు రావాల" అన్నాడు పిచ్చయ్య.

"నిన్ను వాళ్లతో ఒంటరిగా పంపుతానా బావా? తిరిగొచ్చేసరికి ఏ కండువాతో వత్తావో" అన్నాడు చెన్నకేశవరావు.

"మావా, నీ కాళ్లు పట్టుకుంటా, దిగండి" అన్నాడు నరసింహారావు.

"ముందు వాణ్ణి దిగమను" అన్నారు ఇద్దరూ, ఒక్క గొంతుతో. పొత్తు మొత్తంలో వాళ్లు కలిసి అన్న మాట అదొక్కటే.

పిచ్చయ్య అద్దం దించి తల బయటపెట్టాడు. "అమ్మాయ్ నాగవేణీ, నువ్వు వచ్చే పున్నమికి పోదువులేమ్మా. కొండ ఎక్కడికీ పోదుగా."

నాగవేణి బ్యాగు భుజానికి తగిలించుకుని తిరిగింది. నామినేషన్ల రోజునా ఆమె ఇలాగే బ్యాగు తీసుకుని వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్లింది. ఈసారి ఇంట్లోకి వెళ్లలేదు, రోడ్డు మీదకు నడిచింది. ఆ వెళ్లడం చూస్తుంటే నరసింహారావుకు ఏడుపు ముంచుకొచ్చింది. ఈ గోలంతా ఎవరి కోసం మొదలెట్టాడో ఆ మనిషికే చోటు లేకుండా చేశాడు. ఇంతకంటే సిగ్గుమాలిన పని తన జన్మలో చేయలేదనిపించింది.

"బావా, ఎక్కడికి? బండెవరు నడుపుతారు?" అని వెనకనుంచి చెన్నకేశవరావు అరిచాడు.

"మీరే తేల్చుకోండి!" అని నరసింహారావు పరుగెత్తాడు.

బస్సు కదులుతుండగా ఎక్కాడు. ఆయిల్ కారుతున్న ఆ అవతారాన్ని చూసి జనం వాళ్లంతట వాళ్లే దారిచ్చారు. నాగవేణి పక్కన కూలబడ్డాడు. ఆమె కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"కారేది?" అంది.

"నిండిపోయింది."

"ఇంజను బాగైందా?"

"అయింది."

ఆమె అప్పుడు తిరిగి ఆయన మొహం చూసింది. "ఇన్నేళ్లలో నేను ఎప్పుడన్నా కారు కావాలని అడిగానా? నువ్వు రావాలన్నా. అంతేగా నేనడిగింది."

మైకు ఇస్తే ఓ పట్టాన దించని మనిషి నల్లటి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాల్లోనే పట్టుకుని కూర్చున్నాడు. నాగవేణి బ్యాగులోంచి పులిహోర పొట్లం తీసి విప్పింది.

"పొద్దుట్నుంచీ ఏం తినలేదుగా. నోరు తెరువు" అంది.

బస్సులో అందరూ చూస్తుండగా నరసింహారావు నోరు తెరిచాడు.