బుర్మాకాన్ డొక్కలో సరస్సు

పొద్దున్నే ఆడగుర్రాల పాలు పితకడం, తోలుతిత్తిలో పోసి చిలకడం, ఎండెక్కేలోగా గొర్రెల్ని కొండ మీదికి తోలడం. అలై లోయకి వేసవి మేతకొచ్చిన ఆడవాళ్లందరి లాగే బుర్మాకాన్‌కీ రోజు అలాగే మొదలయ్యేది. కాకపోతే ఆమె నడుస్తుంటే కుడి డొక్కలో నీళ్లు కదిలే చప్పుడు వినబడేది.

పెళ్లైన కొత్తలో అది బొట్లు బొట్లుగా ఉండేది. కూతురు ఐచురోక్ పుట్టేనాటికి వాగు. పన్నెండేళ్లు తిరిగేసరికి సరస్సు. దానికెవరూ నోళ్లు నొక్కుకోలేదు. దాహమేసిన గొర్రెపిల్లలు ఆమె డొక్కకి చెవులానించి పడుకునేవి. చలికి ముందు దక్షిణానికి పోయే బాతులు ఆమె గుడారం మీద ఒక పూట వాలి వెళ్లేవి. మంద చెదిరితే ఆమె గట్టు మీద నిలబడి అటూ ఇటూ ఊగితే చాలు, నీళ్ల చప్పుడు విని అన్నీ తిరిగొచ్చేవి. ఆమె అత్త ఉమ్సునాయ్, "మా కోడలు సరస్సుని వెంటబెట్టుకొచ్చింది" అని చుట్టుపక్కల గుడారాల్లో గొప్పలు పోయేది.

పట్నంలో డాక్టరమ్మ మాత్రం మురిసిపోలేదు. అది గొర్రె కార్జంలో కనబడే నీటి తిత్తి లాంటిదేనని, కుక్క నుంచి వచ్చిన పురుగు గుడ్డు కడుపులోకి చేరి ఏళ్ల తరబడి అలా ఊరుతుందని చెప్పింది. కొందరిలో దానంతటదే ఎండి రాయైపోతుందట. కొందరిలో పెరుగుతూనే ఉంటుందట. గుర్రం మీంచి పడి పగిలిందంటే ప్రాణానికే ముప్పు, కోయించుకోమంది. బుర్మాకాన్ తలూపి వచ్చేసింది. నీళ్లు పోతే మందనెవరు పిలుస్తారు?

ఆ వేసవిలో చుట్టాలొచ్చారని ఒక గొర్రెని కోశారు. కార్జం నిండా తెల్లటి నీటి బుడగలు. మనిషి తిననిది కుక్కకి, పారేస్తే పాపం అని ఉమ్సునాయ్ ఎప్పట్లాగే దాన్ని కోసి తమ కుక్క కరాలకి విసిరేసింది. తరతరాలుగా అందరూ చేసేదే అది. కరాల తినేసి, మూతి తీసుకెళ్లి ఐచురోక్ ఒళ్లో తుడుచుకుంది.

వేసవి చివర ఒక మధ్యాహ్నం బుర్మాకాన్ కూతురికి జడలల్లుతుంటే 'టప్' మని ఒక బొట్టు చప్పుడైంది. తనదే అనుకుని ఊపిరి బిగబట్టింది. సరస్సు కదల్లేదు. బొట్టు మళ్లీ పడింది. వంగి కూతురి డొక్కకి చెవి ఆనించి, అత్తని పిలిచింది.

"అత్తయ్యా, ఒకసారి ఇలా రండి. దీని డొక్కలో వినండి."

ఉమ్సునాయ్ విని, మొహం చేటంత చేసుకుంది.

"దీనికీ వచ్చేసిందే! నీ తర్వాత మందకి బెంగలేదు."

"నాకు గుర్రమెక్కాలంటే భయం అత్తయ్యా. గట్టిగా తుమ్మాలన్నా భయమే. ఎన్నేళ్లయిందో నేను బోర్లా పడుకుని."

ముసలావిడ నవ్వు ఆగిపోయింది.

"ఎప్పుడూ చెప్పలేదేమే?"

"అందరూ అంత మురిసిపోతుంటే ఎలా చెప్పను?"

ఉమ్సునాయ్ మర్నాడు తల్లీకూతుళ్లని గుర్రమెక్కించి, అది అదరకుండా కళ్లెం పట్టుకుని రోడ్డు దాకా సగం రోజు తనే నడిచింది.

పట్నంలో డాక్టరమ్మ ఐచురోక్‌ని మెషిన్ కింద పడుకోబెట్టి చూసింది. కందిగింజంత ఉంది, మాత్రలతోనే ఎండిపోవచ్చు, ఇంత చిన్నప్పుడే ఎలా కనిపెట్టారని అడిగింది. విన్నామని బుర్మాకాన్ చెప్పింది. డాక్టరమ్మ అదే రాసుకుంది. నీటి బుడగలున్న కార్జం తిన్న కుక్కకే ఆ పురుగు పడుతుందని కూడా చెప్పింది. తర్వాత బుర్మాకాన్, తన డొక్కలోదాన్ని కోసి తీసేయమని చెప్పి మంచమెక్కింది.

మరుసటేడు వేసవి చివర బాతులు గుడారం మీద ఒక చుట్టు తిరిగి, వాలకుండానే వెళ్లిపోయాయి. ఆ వారం కోసిన గొర్రె కార్జాన్ని ఉమ్సునాయ్ నడుంలోతు గొయ్యి తీసి పాతింది. పురుగు మాత్రని గొర్రె తోక కొవ్వులో దాచి కరాలకి పెట్టింది. అది గొయ్యి పక్కనే కూర్చుని, ఆవిడ తన సొమ్మేదో కాజేసినట్టు చూస్తూ ఉంది.

గుడారం లోపల ఐచురోక్ తల్లి డొక్కకి చెవి పెట్టింది.

"ఏమీ వినబడట్లేదమ్మా."

బుర్మాకాన్ కూడా కూతురి డొక్కకి చెవి పెట్టింది. ఎంతసేపు విన్నా అక్కడా ఏమీ లేదు. అప్పుడామెకి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని, కూతుర్ని పక్కనేసుకుని బోర్లా పడుకుని నిద్రపోయింది. బయట ఉమ్సునాయ్ గొంతు బొంగురుపోయేలా గొర్రెల్ని పిలుస్తూ గట్టంతా తిరుగుతోంది.