కోళ్ల పాకలోంచి వచ్చిన బరాల్ది

పళ్ల డాక్టరుగా రిటైరైన ఓస్వాల్దో బెర్తాక్కీని తన ఎర్ర బరాల్దిని ఏళ్ల తరబడి బాగు చేశాడు. బరాల్ది అన్నది ఇటలీలోని మోదెనాలో ఎప్పుడో మూతపడిన చిన్న కార్ఖానా. అది చేసిన రేసు కార్లలో ఇంకా లోకంలో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో రెండు ఓస్వాల్దో ఉండే కొండ ఊళ్లో, ఒకే కంచెకు అటొకటి ఇటొకటి ఉండేవి. ఓస్వాల్దో కారులో ఇప్పుడు పాత రంగు లేదు, పాత తోలు లేదు, పాత మేకన్నది లేదు. ఆ కార్ఖానా వాళ్లకు కూడా ఇంత బాగా చేతకాలేదని అతను వినయంగా చెప్పేవాడు. మబ్బు పడితే తడుస్తుందని షెడ్డు తలుపు తీసేవాడు కాదు. ఎండ కాస్తే రంగు వెలుస్తుందని తీసేవాడు కాదు.

“మరెప్పుడు నడుపుతావయ్యా డాక్టరూ?” అని పక్కింటి దెల్మీనా అడిగేది.

“ఇది నడపడానికి కాదు దెల్మీనా గారూ, ఉంచుకోడానికి.”

“మా ఆయన సమాధి కూడా అంతే. అద్దంలా మెరుస్తుంటుంది.”

రెండో బరాల్ది, అదీ ఎర్రదే, ఆ పెద్దావిడది. ఆమె భర్త ఆర్రీగో బతికున్నన్నాళ్లూ దాన్ని సంతకీ, పెళ్లిళ్లకీ, ఊరికే తిరగడానికీ తిప్పాడు. ఆయన పోయాక ఆమె దాన్ని కోళ్ల పాకలో పెట్టించింది. దానికి అభ్యంతరం చెప్పే మనిషి లేడు, కోళ్లు అసలే చెప్పలేదు. ముందు సీటు వాటికి బాగా నచ్చింది కూడా. ఆ కారు దీపాలైనా ఇమ్మని ఓస్వాల్దో అడిగినప్పుడల్లా ఆమె గుడ్లు ఇచ్చి పంపేది.

సెప్టెంబరులో మోదెనా దగ్గర ఒక పాత భవంతి తోటలో కార్ల అందాల పోటీ పెట్టారు. ఓస్వాల్దోకు ఒక ఆలోచన వచ్చింది. అనాకారి పక్కన నిలబడితే అందగత్తె అందం రెట్టింపవుతుంది. తన కారు పక్కన దెల్మీనా కారును నిలబెడితే, తాను పడ్డ కష్టమేమిటో గుడ్డివాడికి కూడా కనబడుతుంది.

“సరే, వస్తాను. కానీ కడిగి తెస్తా. ఇలా జనంలోకి తెస్తే ఆర్రీగో పరువేం కావాలి?” అంది దెల్మీనా.

“వద్దొద్దు. గుడ్డ కూడా తగలనివ్వకండి. ఉన్నదున్నట్టుగానే బావుంటుంది,” అన్నాడు ఓస్వాల్దో, ఎంతో ప్రేమగా.

పోటీ పెట్టిన క్లబ్బు వాళ్ల లారీ రెండు కార్లనూ ఎక్కించుకుని దిగువకు తీసుకెళ్లింది. పచ్చికలో పక్కపక్కన నిలబెట్టారు. న్యాయనిర్ణేతలు ముగ్గురు వచ్చారు. వాళ్ల పెద్ద, తెల్ల చేతితొడుగుల ఆవిడ, ఓస్వాల్దో కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

“చక్కగా ఉంది. ఏ సంవత్సరానిది?”

“అరవై మూడుది, మేడమ్.”

“కారు సంగతి కాదండీ. మీరు చేసింది ఎప్పుడు?”

అంటూనే ఆవిడ పక్క కారు దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడ ముగ్గురూ గుళ్లో ఉన్నట్టు గొంతులు తగ్గించారు. ఒకాయన టోపీ తీసేశాడు.

“ఈ రంగు మొదట్లో వేసిందేనా అమ్మా?”

“పైనున్నది కోళ్లు వేశాయి. కిందున్నది కార్ఖానావాళ్లదే.”

“దయచేసి దీన్ని ఎప్పుడూ తుడవకండి.”

“తుడుద్దామనే అనుకున్నా. ఈ డాక్టరుగారే తుడవనివ్వలేదు.”

తెల్ల చేతితొడుగుల ఆవిడ వెనక్కి వచ్చి ఓస్వాల్దో చెయ్యి పట్టుకుని ఊపింది. “పాతదాని విలువ తెలిసినవాళ్లు మీలాంటివాళ్లు ఎక్కడో గానీ ఉండరు,” అంది. పుండు మీద కారం చల్లినా అతనికి అంత మండి ఉండేది కాదు.

మొదటి బహుమతి దెల్మీనాకే వచ్చింది. గెలిచిన కారు వేదిక ముందు నుంచి సాగాలి. అది కదలదాయె. చివరికి మీగడ రంగు సూటులో ఉన్న ఓస్వాల్దోనే వెనకనుంచి తోశాడు. జనం చప్పట్లు కొట్టారు. ఫొటోల్లో అతని వీపు బాగా పడింది.

తిరుగు ప్రయాణంలో అసలు చిక్కు వచ్చింది. అంత అపురూపమైన దుమ్ము రాలిపోకుండా, ఆ కారును లారీలో ఒంటరిగా, గుడ్డ కప్పి తీసుకెళ్లాలని క్లబ్బువాళ్లు తీర్మానించారు. ఓస్వాల్దో కారుకు చోటు లేదు.

“మీది నడుస్తుందిగా,” అన్నారు.

కొండ మీద మబ్బు కమ్ముకుంటోంది. దెల్మీనా ఎవరూ పిలవకుండానే వచ్చి పక్క సీట్లో కూర్చుని, బహుమతిగా వచ్చిన కప్పును ఒళ్లో పెట్టుకుంది.

మరానెల్లో ఊరు దాటగానే వాన అందుకుంది. చక్రాల కింద ఎగిరిన ప్రతి గులకరాయీ తన దవడ పన్నుకు తగిలినట్టు ఓస్వాల్దో ఉలిక్కిపడ్డాడు. అద్దం తుడిచే పుల్లలకు కొత్త రబ్బరు వేసింది తనే అయినా, అవి నిజంగా నీళ్లు తుడుస్తాయని అప్పటిదాకా అతనికి తెలియదు. తుడిచాయి. ముందు ట్రాక్టరు ఒకటి బురద చిమ్ముతూ మెల్లగా ఎక్కుతోంది. దాని వెనకే పోతే ఒళ్లంతా మట్టే. గేరు మార్చి తొక్కాడు. ఇంజను ఒక్కసారిగా గొంతు విప్పింది. ఆ గొంతు అతనెప్పుడూ వినలేదు. ఇన్నేళ్లూ వైద్యం చేసిన మనిషి ఇప్పుడు పరిచయమైంది అనుకున్నాడు.

“ఆర్రీగో ఈ మలుపులో పాడేవాడు. పాట రాదు పాపం. ఈ చప్పుడులో తెలిసేది కాదు,” అని అరిచింది దెల్మీనా.

ఇంటి ముందు ఆపాడు. ఆమె దిగలేదు.

“పావుల్లో ఊరిదాకా పోనీ. అక్కడ మా చెల్లి ఉంది. మాటల్లేవు మాకు.”

“ఎందుకని?”

“ఆర్రీగో పోయిన వారానికే కారును పాత ఇనుముకు వేసెయ్యమంది. బరాల్దిలో వెళ్లి దాని గుమ్మం ముందు దిగాలి నేను.”

“కానీ ఇది మీది కాదుగా.”

“దానికి చూపు తక్కువలే. ఎర్రగా ఉంటే చాలు.”

ఓస్వాల్దో ఆకాశం వంక చూశాడు. వాన తగ్గేలా లేదు. బండి ముందుకు పోనిచ్చాడు.

పావుల్లోలో హారను విని ఒక ముసలావిడ తలుపు తీసింది. వానలోనే మెట్లు దిగి వచ్చి, బురద కొట్టుకున్న కారు ముక్కును చేత్తో నిమిరింది.

“అదే కారు. ఆర్రీగో ఉన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉందే అక్కా. ఏమీ మారలేదు,” అంది.

దెల్మీనా ఓస్వాల్దో వైపు తిరగలేదు. అతను సూటు కాలరు సర్దుకున్నాడు. చెప్పాలంటే చెప్పడానికి చాలా ఉంది, ఏ మేకు ఎక్కడినుంచి తెప్పించాడో సహా.

“లోపలికి రండి బాబూ, కాఫీ పెడతాను,” అంది చెల్లెలు. “పాత కారును ఇంత జాగ్రత్తగా తెచ్చారు.”

“చిత్తం,” అని అతను వానలో దిగి, దెల్మీనాకు తలుపు తీసి పట్టుకున్నాడు.