జవాబుకి వదిలిన జాగా

లాంచీలో మా వంటిల్లు ఉంది. అక్కడికి ఎలా వచ్చిందో అడగాలని నాకు తోచదు. స్టవ్వు, గట్టు, ఉప్పు జాడీ అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, కిటికీలోంచి మాత్రం పక్కింటి గోడకి బదులు గోదావరి కనిపిస్తోంది, గోడ అవతల మా అత్తగారు ఎప్పటిలాగే ఫోనులో ప్రవచనం పెట్టుకున్నట్టున్నారు, సన్నగా గొణుగుడు వినిపిస్తోంది, నేను చంకలో ప్రూఫుల కట్ట పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. గట్టు కింద, పప్పుల డబ్బాల పక్కన, ఎర్రబొంత నెత్తిమీదుగా కప్పుకుని హైమ కూర్చుని ఉంది. హైమ నా భార్య. పోయి ఏడాది కావస్తోంది. ఆ సంగతి కలలోనూ నాకు తెలుసు, అదేమీ వింతగా లేదు, ఇంత ఉక్కలో ఆ బొంతేమిటని మాత్రం కోపం వస్తోంది.

"ఫ్యాను కట్టెయ్యండి," అంటుంది బొంతలోంచి. "రికార్డింగు అవుతోంది."

మేమిద్దరం కలిసి రాసిన పుస్తకం పేరు 'వంటింట్లో స్పానిష్'. బడికి పోయే వీలు లేక, పప్పు ఉడికేలోపు ఒక పాఠం నేర్చుకుందామనుకునే వాళ్ల కోసం రాశాం. స్పానిష్ ఆమెది, తెలుగు వివరణలు నావి. నేను కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయినవాణ్ణి; స్పానిష్‌లో నాకు ఓనమాలు రావు, రావాలని అనుకోనూ లేదు. పాఠాలన్నీ ఆమె ఇలాగే, వీధి చప్పుడు పడకుండా, బొంత కప్పుకుని, చెమటలు కక్కుతూ తన ఫోనులో రికార్డు చేసింది. ఆమె ఒక ప్రశ్న అడుగుతుంది, ఆగుతుంది, వినేవాళ్లు జవాబు పైకి చెప్పాలి, అప్పుడు "బాగుంది, ఇంకొక్కసారి" అంటుంది. అదీ పద్ధతి.

"నా గొంతు తీయించేస్తున్నారటగా?" అంటుంది హైమ.

"నీకెవరు చెప్పారు?"

"కేశవరాజు గారు. ఇందాకే కొవ్వూరు రేవులో దిగి వెళ్లారు."

కేశవరాజు గారు మా పబ్లిషరు, బెజవాడలో ఉంటారు, ఆయన ఈ లాంచీ ఎందుకెక్కారో నాకు తెలియదు గానీ ఆయన మాట మాత్రం నిజమే. చివరి పాఠాల్లో ఆమె ఆయాసం వినబడుతోందట, మాటకీ మాటకీ మధ్య అంతంతసేపు చప్పుడు లేకపోతే జనం ఫోను పాడైందనుకుంటారట, హైదరాబాదులో ఎవరో అమ్మాయి చేత మొత్తం మళ్లీ చెప్పించి గబగబా నడిపించేస్తారట. సోమవారం లోపు నేను సరే అనాలి. అనేద్దామనే ఉన్నాను. ఆమె పోయాక ఒక్క పాఠం కూడా వినలేకపోయాను, 'ఓలా' అని మొదటి పలకరింపు వినగానే ఆపేస్తున్నాను. గొంతు మారితే పుస్తకం బయటికి వస్తుంది, నా ప్రాణమూ కుదుటపడుతుంది అనుకున్నాను.

"ఆయాసం బాగోలేదంటున్నారు," అంటాను.

"నాకు మాత్రం బాగుందా ఏంటి?" బొంత నవ్వుతోంది. "ఆ అమ్మాయినే చెప్పనివ్వండి, నా గొంతు పోతే పోనీండి. నేను ఆగిన ఖాళీలు కూడా తీసేస్తారా?"

ఏదో సర్దిచెబుదామనుకుంటుండగానే నేల ఒక పక్కకి వాలుతుంది, వంటిల్లు వంటిల్లులాగే ఉండి ప్రెస్సయిపోతుంది, అరల్లో డబ్బాలుండాల్సిన చోట అచ్చయిన ఫారాలు దొంతరలుగా ఉన్నాయి, ప్రతి పేజీలోనూ ప్రశ్న ఉంది, జవాబు ఉండాల్సిన చోటు తెల్లగా ఉంది, నేను ఎర్రపెన్ను తీసి ఆ తెల్లచోట్లన్నీ కొట్టేసుకుంటూ పోతున్నాను, ఆపుదామన్నా చెయ్యి నా మాట వినడం లేదు.

"కొట్టెయ్యకండి. అవి మీవి కావు."

"మరెవరివి?"

"నేర్చుకునేవాళ్లవి. ఎన్నిసార్లు చెప్పానండీ మీకు? ప్రశ్న అడిగాక జవాబు నా లోపల నేను రెండుసార్లు అనుకుంటాను. ఒకసారి వాళ్లు భయపడ్డానికి, ఒకసారి పలకడానికి. మొదటిది తీసేస్తే రెండోది రాదు." ఆ వెంటనే, "మీరు ఒక్క పాఠమైనా చేశారా?" అంటుంది.

"రాసినవాణ్ణి, నాకెందుకు?"

"వండినవాడు ఉప్పు చూడొద్దా? చెప్పండి. దొందె ఎస్తా లా సాల్?"

ఉప్పు ఎక్కడుంది అని. ఆ పాఠానికి వివరణ నేనే రాశాను, 'ఆకీ' అంటే 'ఇక్కడ' అని అర్థం కూడా నేనే ఇచ్చాను, జాడీ నా కళ్లెదురుగానే ఉంది. నోరు తెరుస్తాను. నోటినిండా కాగితాలు కుక్కినట్టుంది. హైమ ఆగుతుంది, ఇంజను ఆగుతుంది, నది కూడా ఆగినట్టుంటుంది.

"ఆకీ," అంటారెవరో గోడ అవతల.

బొంత చటుక్కున అటు తిరుగుతుంది. "బాగుంది, ఇంకొక్కసారి!" ఆ గొంతులో ఎంత సంతోషమో. నాతో మాట్లాడినంతసేపూ లేని సంతోషం. నాకు ఒళ్లు మండిపోతుంది.

"ఎవరది?"

"రోజూ వస్తారు. మానకుండా చేసేది ఆవిడొక్కరే."

"ఆవిణ్ణి వెళ్లమను. బొంత తియ్యి హైమా, ఒక్కసారి నీ మొహం చూడనీ."

"రికార్డింగు అవుతోందన్నానా." గొంతు తగ్గుతుంది. "ఆస్పత్రిలో మిమ్మల్ని ఒక మాట అడిగాను. నాకు తగ్గుతుందంటారా అని. మీరు పుస్తకం అట్ట రంగు గురించి మాట్లాడారు."

"ఏం చెప్పమంటావు?" అని అరుస్తాను, నాకు ఏడుపొస్తోంది. "తగ్గదని నా నోటితో నేనే చెప్పనా?"

"ఏదో ఒకటి. తప్పు చెప్పినా పరవాలేదు, పైకి పలకండి అని పుస్తకం మొదట్లో మీరే రాశారు కదండీ? నేనింకా ఆగే ఉన్నాను. భయపడ్డానికి వదిలిన ఖాళీ గడిచిపోయింది. పలికేది మిగిలింది."

ఎక్కణ్ణించో నీళ్లు వచ్చి పాదాలకి తగులుతున్నాయి, లాంచీ కూత వేస్తోంది, ఆమె తడిసిపోతుందని బొంత అంచు పట్టుకుని లాగుతాను, అది బారలకి బారలు వస్తూనే ఉంటుంది, చివరికంటా లాగాక చూస్తే అక్కడ ఎవరూ లేరు. గొంతు మాత్రం ఉంది. "కోమో ఎస్తాస్?" అంటోంది. ఎలా ఉన్నావు అని, ప్రతి పాఠం ఆఖర్నా ఆమె అడిగే ప్రశ్న. బియెన్, గ్రాసియాస్ అనాలి, బాగున్నాను అని. ఆ వెంటనే ఈ తూ అని అడగాలి, మరి నువ్వో అని. అన్నీ తెలుసు. నోరు పెగలదు.

మెలకువ వచ్చేసరికి పడక్కుర్చీలో ఉన్నాను. ఆదివారం మధ్యాహ్నం. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది, గుండెల మీది ప్రూఫులు జారి నేలంతా పరుచుకున్నాయి. గొంతు ఆగలేదు. వంటింట్లోంచి వస్తోంది.

లేచి గుమ్మం దాకా వెళ్లాను. మా అత్తగారు సుభద్రమ్మ గారు పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. ఎదురుగా ఉప్పు జాడీకి ఆనించి హైమ పాత ఫోను ఉంది. కూతురు పోయిన దగ్గర్నుంచీ ఆవిడ మా ఇంట్లోనే ఉంటున్నారు. మధ్యాహ్నాలు ప్రవచనం వింటున్నారనుకుని రోజూ తలుపు దగ్గరగా వేసి పడుకునేవాణ్ణి.

"ఏంటి అత్తయ్యగారూ, మీరు స్పానిష్ నేర్చుకుంటున్నారా?" అన్నాను.

"నాకెందుకు బాబూ ఆ భాషలు," అన్నారు తల ఎత్తకుండా. "అదేదో అడుగుతోంది. అడిగి, నాకోసం ఆగుతోంది. పిల్ల అడిగి ఆగితే పలక్కుండా ఎలా ఉంటాను?"

ఆ హైదరాబాదు అమ్మాయి ఎంత చక్కగా చెప్పినా ఈవిడ కోసం ఆగదు. రేపు కేశవరాజు గారికి కుదరదని చెప్పేస్తాను. వేస్తే ఆయాసంతో, ఖాళీలతో, ఇలాగే వెయ్యమంటాను, లేకపోతే మానెయ్యమంటాను. పక్కనున్న ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాను.

"కోమో ఎస్తాస్?" అంది హైమ. ఆగింది.

"బియెన్, గ్రాసియాస్," అన్నారు అత్తగారు. చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "ఈ తూ?"

ఫోనులో చప్పుడు లేదు. తరవాత కష్టంగా ఊపిరి తీసుకున్నట్టు వినిపించింది.

"బాగుంది," అంది హైమ. "ఇంకొక్కసారి."

ఈసారి ఇద్దరం చెప్పాం.