మంత్రిగారి ప్రహరీ, నేనూ

నన్నెవరైనా పీట అంటే ఒళ్లు మండుతుంది. నేను ఒక స్టూలుని, టేకు స్టూలుని. కాకినాడలో ఒక వడ్రంగి ఎవరింటి తలుపులో చేయగా మిగిలిన ముక్కలతో నన్ను చేసి, "అటక అందుతుంది, తీసుకోండమ్మా" అంటూ కాత్యాయనిగారికి అంటగట్టాడు. నా మీదెక్కి ఆవిడ ఆవకాయ జాడీలు దింపేవారు, బూజులు దులిపేవారు. పక్కింటాయన మంత్రి కాకపోయి ఉంటే నా బతుకు అలాగే వెళ్లిపోయేది.

గంగాధరంగారికి పదవి రాగానే మా వీధి నిండా చానెళ్ల వాళ్లే. ఆయన ఏ శాఖ మంత్రో వాళ్లలో సగం మందికి తెలియదు గానీ, పొద్దున్నే తినేది ఇడ్లీయో పెసరట్టో మాత్రం తెలుసు. ఆ బాధ పడలేక ఆయన ప్రహరీ ఎత్తు పెంచారు. దాంతో లోపల ఏదో జరుగుతోందని ఊరంతటికీ రూఢి అయిపోయింది.

ఓ రోజు చక్రి అనే విలేకరి కెమెరామన్‌ని వెంటబెట్టుకుని మా పెరట్లోకి వచ్చాడు.

"అక్కా, ఓ స్టూలుంటే ఇద్దురూ!"

"ఎందుకయ్యా, పక్కింట్లోకి తొంగిచూడ్డానికా?"

"అబ్బే, ప్రజలకి తెలియాలి కదక్కా!"

ప్రజల్లో తానూ ఉన్నానని గుర్తొచ్చి కాత్యాయనిగారు నన్ను ఇచ్చేశారు.

కెమెరామన్ బూట్లతోనే నా నెత్తినెక్కాడు. అతనికి కనిపించింది ఇంతే: మొన్న మొన్ననే కాపురానికొచ్చిన కోడలు హైమ కళ్లొత్తుకుంటూ కారెక్కుతోంది. వెనకాల డిక్కీలో పెట్టెలు. అత్తగారు గడప దాటి బయటికి రాలేదు.

కాసేపటికే మా ఇంట్లో టీవీ పెరట్లో ఉన్న నాకు కూడా వినిపించేలా అరిచింది: "మంత్రి ఇంట కోడలి కన్నీళ్లు! ముఖం చాటేసిన అత్త! పెట్టె సర్దించింది ఎవరు?"

పెద్దాపురంలో హైమ తండ్రి సూరపరాజుగారు అది చూశారు. చూసిన మనిషి చూసినట్టే కారెక్కి, దారిలో ఎదురొచ్చిన సొంత కూతురి కారుని కూడా గమనించకుండా దాటేసి, మంత్రిగారి వాకిట్లో దిగారు.

"మా పిల్లని గెంటేస్తారా? ఇంక చచ్చినా పంపను. విడాకులే!"

"కారు పంపింది మీరే కదండీ బావగారూ!" అన్నారు మంత్రిగారు.

"పంపాను. అయితే? టీవీలో చూపించాక కూడా బుకాయిస్తారేంటండీ!"

మంత్రిగారు ఒక్క మాట తూలితే చాలు, పిల్ల కాపురం అక్కడితో సరి. గోడకి ఇవతల కాత్యాయనిగారు ఇక ఆగలేక నా మీదెక్కేశారు.

"అన్నయ్యగారూ, ఆషాఢం వచ్చిందండీ! అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదనే కదా మీరు పిల్లని పిలిపించుకున్నారు? ఇంక అత్తగారు బయటికెలా వస్తారు? కొత్త మొగుణ్ని నెల్లాళ్లు వదిలి వెళ్తూ పిల్ల ఏడవక నవ్వుతుందా?"

సూరపరాజుగారు వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నారట. "ఆషాఢమా... అవును కదూ!" అని గొణిగి, "కాస్త కాఫీ ఇప్పిస్తారా బావగారూ?" అన్నారు.

సాయంత్రం టీవీ మళ్లీ అరిచింది: "మా చానెల్ ఎఫెక్ట్! దిగొచ్చిన మంత్రి! ఒక్కటైన వియ్యంకులు!"

శ్రావణంలో హైమ తిరిగి వస్తోందని తెలిసి చక్రి మళ్లీ నా కోసం వచ్చాడు. "కాలు విరిగిందయ్యా" అన్నారు కాత్యాయనిగారు. నేను కంగారుపడి నాలుగు కాళ్లూ చూసుకున్నాను. నిక్షేపంగా ఉన్నాయి. అతను వీధి మలుపు తిరిగాడో లేదో, ఆవిడ నన్ను గోడవారకి లాగి తనే ఎక్కారు.

అవతల కారు ఆగింది. తలుపు చప్పుడు. ఆ వెంటనే హైమ నవ్వు.

"పిన్నిగారూ, అలా గోడ మీంచి ఎంతసేపని చూస్తారు? గుమ్మంలోంచి రండి. శుక్రవారం పేరంటానికి పిలుద్దామనే అనుకుంటున్నాను."

కాత్యాయనిగారు దిగిన తొందరలో ఒక చెప్పు నా పక్కనే వదిలేసి వెళ్లారు. ఆ ఇంటికి గుమ్మం కూడా ఉందని అప్పటిదాకా మా ఇద్దరికీ తట్టనే లేదు.