నా సీట్లో నేనే

ఆఫీసు మెట్లకి రెయిలింగు ఒక పక్కనే ఉంటుంది. రెండో పక్క నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాను. సరే, కాలు విరిగింది. చేతులకేమైంది? బిల్డింగు ప్లాన్లు గీసేది చేతులతోనే కదా.

కొత్త బడి ప్లాను సగానికి పైగా గీశాను, మిగతాది ఇంటి నుంచే చేస్తానని మేనేజరుకి ఫోన్ చేశాను.

"నీ లాప్‌టాప్‌లో ఉన్నది లైనక్స్ కదమ్మా. ఆఫీసులోది విండోస్. రెంటికీ పడదు. కొన్నాళ్ళు మా బావమరిది చూసుకుంటాడులే" అన్నాడు.

ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళో నాకు తెలుసు. నేను ఆస్పత్రిలో ఉండగానే అర్జంటని నా పాస్‌వర్డ్ అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు బావమరిది నా కుర్చీలో కూర్చుని, నా లాగిన్‌తోనే పని చేస్తున్నాడు. బడి ప్లాను అతని పేరున వెళ్ళిపోతే నన్నిక ఎవరు పిలుస్తారు? ఒళ్ళు మండిపోయింది.

"పడదని ఆయన తేల్చేస్తే సరిపోయిందా?" అంది అత్తయ్య, నా కాలికింద దిండు సర్దుతూ. "మొదట్లో నీకూ నాకూ మాత్రం పడిందా ఏంటి?"

ఆఫీసు కంప్యూటర్‌ని ఇంటి నుంచే నడిపించే రిమోట్ డెస్క్‌టాప్ ప్రోగ్రాం నా లాప్‌టాప్‌లో మొదటినుంచీ ఉంది. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళి నా కంప్యూటర్ పేరు కొట్టాను. దొరకలేదంది. మళ్ళీ కొట్టినా అదే మాట. పక్క సీటు అక్కకి ఫోన్ చేస్తే, నా కంప్యూటర్ మీద అతికించిన నెట్‌వర్క్ నెంబరు గుసగుసగా చదివి చెప్పింది. పేరు బదులు అది కొట్టాను. పాస్‌వర్డ్ అడిగింది.

ఒక లాగిన్‌లో ఒక్కరే ఉండగలరు. నేను ఇటు నుంచి ఎక్కితే అక్కడ స్క్రీన్ లాక్ అయిపోతుంది. తెలిసే పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కాను.

బడి ప్లాను నా మంచం మీద తెరుచుకుంది. అడుగున 'గీసినవారు' అన్న గడిలో బావమరిది పేరు ఉంది. ఇన్ని గదుల్లో అతను చేసిన పని అదొక్కటే. దాన్ని చెరిపి నా పేరు కొట్టాను, పాస్‌వర్డ్ మార్చేశాను.

కాసేపటికి మేనేజరు ఫోన్. "ఏమ్మా, మావాడి స్క్రీన్ లాకైపోయింది. పాస్‌వర్డ్ తప్పంటోంది."

"అది నా లాగిన్ కదండీ. నేను పనిలో ఉన్నాను."

"లైనక్స్‌కి పడదన్నానుగా?"

"మా ఇంట్లో పడిందండి."

గొంతు తగ్గించి, "మరి మావాణ్ణి ఏం చేయమంటావు?" అన్నాడు.

"వేరే లాగిన్ ఇప్పించి, వేరే ప్లాను ఇవ్వండి. బడిది సాయంత్రానికి పంపిస్తాను. గీసినవారి పేరు ఓసారి చూసుకోండి."

ఫోన్ పక్కన పెట్టి, మిగిలిపోయిన మెట్లు గీయడం మొదలుపెట్టాను. రెయిలింగు రెండు పక్కలా పెట్టాను.