మధ్యాహ్నం మొరాయించే ఏసీ

మా ఇంట్లో అందరూ నా మాట వింటారు. నమ్మడం మాత్రం మానేశారు. "సరే అమ్మా" అంటాడు కొడుకు, "అలాగే అత్తయ్యా" అంటుంది కోడలు, ఆ తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. నాకు మోకాళ్ళు అరిగాయి గానీ కళ్ళు అరగలేదు. ఆ చూపులన్నీ నేను చూస్తూనే ఉన్నాను.

గొడవంతా ఏసీతో వచ్చింది. ఇంటికంతటికీ కలిపి మాకు ఒకటే ఏసీ. వంటింటి పక్కన బీరువా పట్టేంత గదిలో లోపలి యూనిట్ నిలబడి ఉంటుంది, కిటికీ బయట రెండోది రొద పెడుతూ ఉంటుంది. పొద్దుటి పూట ఏ వంకా పెట్టడానికి లేదు. మధ్యాహ్నం నా మనవరాలు చిట్టి బడి నుంచి వచ్చి, అన్నం తిని, లెక్కల పుస్తకం తెరుస్తుందో లేదో, గాలిలో చల్లదనం పోతుంది. గాలి వస్తూనే ఉంటుంది, కానీ ఎందుకూ పనికిరాని గాలి. కాసేపటికి ఇల్లు పెనంలా కాలిపోతుంది. ఏం చేస్తాను? ఆ మాయదారి యంత్రాన్ని ఆపేసి, కిటికీలన్నీ బార్లా తీసి, అట్టముక్కతో పిల్లకి విసురుతూ కూర్చుంటాను.

సాయంత్రం కొడుకూ కోడలూ వచ్చేసరికి ఇదీ వాళ్ళకి కనిపించే దృశ్యం: ఏసీ ఆపేసి ఉంటుంది, కిటికీలు తెరిచి ఉంటాయి, ముసలమ్మ చెమటలు కక్కుతూ విసురుతూ ఉంటుంది. మా వాడు స్విచ్ వేస్తాడు. ఆ దిక్కుమాలినది అంతవరకూ ఏ పాపం ఎరగనట్టు చల్లగాలి పోస్తుంది.

"బాగానే ఉంది కదమ్మా?"

"ఇప్పుడు బాగానే ఉందిరా. మధ్యాహ్నం బాగాలేదు."

"మరి రోజూ నేను వేస్తే ఎలా పనిచేస్తోంది?"

"నువ్వంటే దానికి భయం కాబోలు. నేనంటే లోకువ!"

చిట్టి ఒక్కతే నవ్వింది. మెకానిక్‌ని రెండుసార్లు పిలిపించారు. రెండుసార్లూ వాళ్ళకి వీలైన సాయంత్రాలే. అతను కళ్ళద్దాల్లోంచి చూశాడు, తడిమాడు, జల్లెడ తీసి కడిగాడు, "అంతా బాగుందండీ" అన్నాడు. రెండోసారి అతను వెళ్ళిపోయాక కోడలు మెల్లిగా మా వాడితో అంటున్నది నా చెవిన పడింది.

"నాకు భయంగా ఉందండీ. మొన్న పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయారు. ఇప్పుడేమో ఈ ఏసీ. చిట్టిని మధ్యాహ్నమంతా ఆవిడ ఒక్కరి దగ్గరే వదిలేయడం..."

"సోమవారం నుంచి బడి పక్కన ఉన్న డే కేర్ సెంటర్‌లో ఉంచుదాం. సాయంత్రం నేను తీసుకొస్తాలే" అన్నాడు నా సుపుత్రుడు.

నా ఒళ్ళు మండిపోయింది. పాలు పొంగించని ఆడది ఈ భూమ్మీద ఉందా? ఆ మాటకొస్తే మగవాళ్ళు పొంగించరెందుకంటే అసలు పొయ్యి దగ్గరికే రారు కాబట్టి! కోపం దిగాక మాత్రం ఏడుపొచ్చింది. ఆయన పోయాక నాకంటూ ఉన్నవి ఈ మధ్యాహ్నాలే. బడిలో ఎవరు ఎవరితో కటీఫ్ చెప్పారో, ఎవరు ఎవరి రబ్బరు కొట్టేశారో అన్నీ నాకే ముందు తెలుస్తాయి. అవి కూడా పట్టుకుపోతే నేను గోడలతో మాట్లాడుకోవాలి. అప్పుడు నిజంగానే పిచ్చిదాన్నంటారు.

మర్నాడు మెకానిక్‌కి నేనే ఫోన్ చేశాను. పెద్దగా మాట్లాడేవాడు కాదు గానీ ఓపిక ఉన్నవాడు. నేను చెప్పినదంతా విని ఒక్క ప్రశ్న అడిగాడు.

"చల్లదనం పోగానే మీరేం చేస్తారమ్మా?"

"ఏం చేస్తాను నాయనా, ఆపేస్తాను. పనిచెయ్యనిదాన్ని తిరగనివ్వడం దేనికి, కరెంటు దండగ!"

అవతల నుంచి ఓ నిట్టూర్పు వినిపించింది. "అక్కడే వచ్చింది తంటా. మీరు ఆపేస్తే లోపల ఏది పట్టేసినా అది కాసేపటికి వదిలేస్తుంది. సాయంత్రానికి మేం వచ్చి చూస్తే అంతా బాగుంటుంది. ఈసారి ఆపకండి. వేడెక్కినా సరే, అలాగే వదిలేసి నాకు ఫోన్ చెయ్యండి."

అంటే ఇన్నాళ్ళూ నా సాక్ష్యాన్ని నేనే చేతులారా చెరిపేసుకుంటున్నానన్నమాట! పొదుపు, పొదుపు అని పుట్టినప్పటి నుంచి నూరిపోశారు మరి. గది వదిలితే దీపం ఆర్పాలి, బిందె నిండితే కొళాయి కట్టెయ్యాలి. ఇంత బుద్ధిగా బతికినందుకు నాకు దొరికిన బిరుదు మతి తప్పిన మనిషి.

శుక్రవారం చిట్టి వచ్చింది, అన్నం తింది. అనుకున్నట్టే గాలి చప్పబడింది. చెయ్యి స్విచ్ మీదికి పోతుంటే చిట్టి నా కొంగు పట్టుకుని లాగింది. ఫోన్ చేశాను. ఇద్దరం కిటికీలు మూసుకునే ఆ ఉక్కలో కూర్చున్నాం. అతను వచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

లోపలికి అడుగు పెట్టగానే అతని ముఖం మారింది. "ఇదిగో, దొరికింది" అన్నాడు. మంచినీళ్ళిచ్చాను. గటగటా తాగి, చిన్నగది తలుపు తీసి, ఓ ఇత్తడి ముక్కని చూపించాడు. దాని మీద ఓ చోట మాత్రమే తెల్లగా మంచు పట్టి ఉంది.

"ఎక్స్‌పాన్షన్ వాల్వు అంటారమ్మా దీన్ని. కొళాయి లాంటిదే అనుకోండి. లోపలికి గ్యాసు ఎంత వదలాలో ఇదే చూసుకుంటుంది. మధ్యాహ్నం దాకా పనిచేసి, ఆ తర్వాత మూసుకుపోయి పట్టేస్తున్నట్టుంది. రూఢి చేసుకోవాలి. మీటరేమో బయట పెట్టాలి, ఇక్కడ ఇంకో మనిషి కావాలి."

"నేను లేనూ?"

రాగి గొట్టానికి కట్టి ఉన్న వేలెడంత బుడ్డిని విప్పి నా చేతికిచ్చాడు. వాల్వుకి వెచ్చదనం తెలిసేది దాంతోనేనట. "గుప్పిట్లో గట్టిగా పట్టుకోండి. మీ చేతి వేడికి వాల్వు తెరుచుకోవాలి. తెరుచుకుంటే బయట మీటరు ముల్లు పైకి లేస్తుంది."

అతను కిటికీ బయటికి వెళ్ళాడు. చిట్టి గుమ్మంలో నిలబడి అటూ ఇటూ వార్తలు మోసింది. నేను ఆ చల్లని బుడ్డిని పట్టుకుని, నా ఒంట్లో ఉన్న వేడంతా అరచేతిలోకి రావాలని మొక్కుకుంటూ నిలబడ్డాను.

"ముల్లు కదల్లేదంట నానమ్మా!"

"ఇంకా గట్టిగా పట్టుకున్నానని చెప్పు!"

"అయినా కదల్లేదంట!"

అతను లోపలికి వచ్చి పానా పిడితో ఆ ఇత్తడి ముక్క మీద రెండు దెబ్బలు మెల్లిగా వేశాడు. బుస్సుమని చప్పుడైంది. బయటికి పరిగెత్తిన చిట్టి "లేచింది! ముల్లు లేచింది!" అని వీధంతా వినపడేలా అరిచింది. కాసేపటికి గాలి చల్లబడింది.

"కొట్టడం చికిత్స కాదమ్మా, ఇవాళ్టికి గడుస్తుందంతే. రేపు గ్యాసు తీసి, వాల్వు కోసి కొత్తది అతికిస్తాను. మీరు చెప్పిందే నిజం. మీ అబ్బాయికి నేనే ఫోన్ చేసి చెప్తాను" అన్నాడు.

నా ఆనందం ఏమని చెప్పను! కొండను తవ్వి ఎలుకనే పట్టాం, కానీ అది నా ఎలుక. అతను సామాన్లు సర్దుకుంటుంటే పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని కబుర్లలో పడ్డాను.

"నీకెంతమంది పిల్లలు నాయనా?"

"ఇద్దరమ్మా. ఇద్దరూ ఆడపిల్లలే."

చిట్టి నా వైపు వింతగా చూసింది. "నానమ్మా, ఇందాక మంచినీళ్ళిచ్చినప్పుడు అడిగావుగా. అంకుల్ అప్పుడే చెప్పారు, పెద్దమ్మాయి నా క్లాసే అని. నువ్వు 'అయితే మా చిట్టికి జోడీ' అన్నావు."

నేను మనసులోనే వెనక్కి వెళ్ళి వెతుక్కున్నాను. గ్లాసు గుర్తుంది. అతను గటగటా తాగడం గుర్తుంది. నేను అడగడం గానీ, అతను చెప్పడం గానీ, నేను జోడీ అనడం గానీ లేనే లేవు. ఎంత తడిమినా లేవు. అతను ముఖం దించుకుని పానాలు సర్దుకుంటూ, "పెద్దవాళ్ళు ప్రేమగా అడిగితే రెండుసార్లు చెప్తే ఏం పోయిందిలే పాపా" అన్నాడు. నేను రెండోసారి అడిగినా మొదటిసారి చెప్పినట్టే ఎంత మామూలుగా చెప్పాడో అప్పుడు తెలిసింది. నాకు చాలా భయం వేసింది.

సాయంత్రం మా వాడు దొంగకు తేలు కుట్టినట్టు వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. కోడలు కళ్ళు తుడుచుకుంది. "తప్పు నాదే అత్తయ్యా. ఏదేదో ఊహించుకున్నాను. సోమవారం సెంటర్ వద్దు. చిట్టి మీ దగ్గరే ఉంటుంది."

వారం రోజులుగా నేను వినాలనుకున్న మాట అదే. అచ్చం అదే. కోడలి భుజం మీదుగా చిట్టి నా వైపు చూసింది. చూసి, ఎవరికీ కనపడకుండా పెదవుల మీద వేలు పెట్టుకుంది.

నోరు మూసుకుంటే నెగ్గేదాన్ని. అడిగేవాళ్ళు ఎవరూ లేరు. కానీ రేపు నేను పొయ్యి ఆర్పడం మర్చిపోతే ఆ పిల్లే ఆర్పుతుంది. అదీ చెప్పదు. ఎల్లుండి ఇంకేదో మర్చిపోతాను, దాన్నీ దాచుకుంటుంది. లెక్కలు చేసుకోవాల్సిన పిల్ల నాకు కాపలా కాస్తుంది.

"అమ్మాయ్, ఏసీ సంగతి నేను చెప్పిందే నిజం" అన్నాను. "అది మీరిద్దరూ జన్మలో మర్చిపోవద్దు. కానీ నా సంగతి నువ్వు అనుకున్నదీ అబద్ధం కాదు. ఇవాళ ఒకే మనిషిని ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగాను. మొదటిసారి అడిగినట్టు నాకు గుర్తే లేదు. సోమవారం పిల్లని సెంటర్‌కి పంపు. నన్ను డాక్టర్‌కి చూపించు. గుర్తున్నప్పుడే చెప్పేస్తున్నాను."

మా వాడు "అమ్మా, అందరం మర్చిపోతాం" అనబోయాడు. కోడలు అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఆపి, నా పక్కకి వచ్చి కూర్చుంది.

చిట్టి మాత్రం వెక్కి వెక్కి ఏడుస్తూ వచ్చి నా ఒళ్ళో పడింది. "నేను చెప్పలేదు నానమ్మా. నిజంగా నేను ఎవరికీ చెప్పలేదు."

"తెలుసే తల్లీ" అన్నాను. "నువ్వు చెప్పవనే నేను చెప్పాను."